‘నరాల బలహీనత’ వెనుక ఉన్న రాత్రులు

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఆర్‌ఎంపీ దగ్గరైనా, మందుల షాపులోనైనా మగవాళ్ళు గొంతు తగ్గించి చెప్పే మాట ఒకటుంది: "నరాల బలహీనత". ఇప్పటి వైద్య పుస్తకాల్లో ఈ పేరుతో జబ్బేమీ లేదు. అయినా చెప్పేవాడికీ వినేవాడికీ భావం తెలుసు. నిద్ర సరిగా పట్టడం లేదు, పొద్దున లేస్తే ఒళ్ళు బరువుగా ఉంటోంది, పని మీద ధ్యాస నిలవడం లేదు, భార్య దగ్గరికి వెళ్తే అంగం గట్టిపడడం లేదు, లేదా తొందరగా అయిపోతోంది. ఇన్ని సంగతులు ఆ రెండు మాటల్లో ఇమిడిపోతాయి. ఆడవాళ్ళు ఇలాంటి బాధకు వేరే పేర్లు పెట్టుకున్నారు. "తెల్లబట్ట అవుతోంది, నడుము లాగుతోంది, ఒంట్లో సత్తువ లేదు, రాత్రంతా కలత నిద్రే" అంటారు. సంసారం సంగతి అడిగితే తప్ప చెప్పరు. అడిగేవాళ్ళు తక్కువ.

ఈ మాటలు విని నవ్వుకునే చదువుకున్నవాళ్ళు ఉన్నారు. నవ్వాల్సిన పని లేదు. ఆస్పత్రిలో మనసుకు ఒక గది, లైంగిక సమస్యకు ఇంకో గది. నిద్రకైతే చాలాచోట్ల గదే లేదు. జనం మాత్రం మూడింటినీ కలిపి ఒకే పేరుతో చెప్పుకుంటున్నారు. కలిపి చూడడంలో వాళ్ళ చూపే సరైనది. తప్పంతా "బలహీనత" అన్న నిర్ధారణలో ఉంది. ఏదో సత్తువ ఒంట్లోంచి కారిపోయిందని, టానిక్కుతోనో లేహ్యంతోనో దాన్ని మళ్ళీ నింపాలని అనుకోవడంలో ఉంది. చాలామంది విషయంలో ఒంట్లోంచి పోయింది సత్తువ కాదు, నెమ్మది.

రమ్మంటే రానివి

చెయ్యి ఎత్తాలనుకుంటే లేస్తుంది. కన్ను మూయాలనుకుంటే మూసుకుంటుంది. నిద్ర మాత్రం రమ్మంటే రాదు. లైంగిక స్పందన కూడా అంతే. ఈ రెండూ ఎందుకిలా మొండికేస్తాయో తెలియాలంటే మన ప్రమేయం లేకుండా నడిచే నాడీ వ్యవస్థ గురించి కొంచెం తెలుసుకోవాలి.

అందులో రెండు విభాగాలున్నాయి. సింపథెటిక్ విభాగం ప్రమాద సమయానిది. గుండె వేగం పెంచి, రక్తాన్ని కాళ్ళూ చేతుల కండరాలకు మళ్ళించి, మనిషిని పరుగుకో పోట్లాటకో సిద్ధం చేస్తుంది. పారాసింపథెటిక్ విభాగం ప్రమాదం లేని వేళది. తిండి అరగడం, విశ్రాంతి తీసుకోవడం దాని పనులు. పురుషాంగం గట్టిపడాలంటే అక్కడి రక్తనాళాలు వదులై రక్తం నిండాలి. అది ప్రధానంగా ఈ రెండో విభాగం చేసే పని. స్త్రీలో యోని చుట్టూ రక్తప్రసరణ పెరిగి తడి ఊరడానికి కూడా ఇలాంటి సడలింపే కావాలి. ఆదుర్దా మొదలైతే అడ్రినలిన్ విడుదలై అవే రక్తనాళాలు బిగుసుకుంటాయి. నిద్రలోకి జారేటప్పుడూ గుండె వేగం తగ్గాలి, రక్తపోటు తగ్గాలి, కండరాలు వదులవ్వాలి. అంటే నిద్రకూ సంసార సుఖానికీ తలుపు ఒకటే. "ఇప్పుడు భయం లేదు" అని ఒంటికి నమ్మకం కుదిరితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడే చిక్కు. ఎదురుగా పులి ఉన్నా, వడ్డీ వ్యాపారి దగ్గర ప్రోనోటు ఉన్నా ఒంటికి పెద్ద తేడా తెలియదు. వేసిన మూడో బోరులోనూ నీళ్ళు పడలేదన్న దిగులు, శనక్కాయ పంటకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాలేదన్న బాధ, కూతురి పెళ్ళి ఖర్చు, ఇవన్నీ రాత్రి పదింటికి మంచం మీద పడుకున్న మనిషి గుండెను పగటి వేగంతోనే కొట్టిస్తాయి. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు, వలపు సిగ్గెరుగదు" అని సామెత. అలసిన ఒంటి విషయంలో అది నిజమే. చేనిగట్టు మీద తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాళ్ళు ఎందరో. దిగులు పట్టిన మనసు విషయంలో మాత్రం ఆ సామెత పనిచేయదు. దూదిపరుపు మీద కూడా అది మేలుకునే ఉంటుంది.

ఇంకో మలుపు కూడా ఉంది. ఏదో ఒక రాత్రి, అలసట వల్లో మందు తాగడం వల్లో, అంగస్తంభన జరగదు. అది ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. కానీ ఆ రోజు నుంచి "ఈసారి ఏమవుతుందో" అన్న అనుమానం మొదలవుతుంది. మర్నాడు భార్య పక్కన ఉన్నా ధ్యాస భార్య మీద ఉండదు, తన ఒంటి మీదే ఉంటుంది. తన పరీక్షకు తానే ఇన్విజిలేటరుగా నిలబడతాడు. ఆ కాపలాయే ఆదుర్దా, ఆ ఆదుర్దాతోనే మళ్ళీ విఫలం. అమెరికాలో లైంగిక సమస్యలకు చికిత్స చేసిన మాస్టర్స్, జాన్సన్ 1970లో ఈ స్థితిని వివరిస్తూ, మనిషి తన పడకగదిలో తానే ప్రేక్షకుడైపోతాడని చెప్పారు. నిద్ర పట్టనివాడు చేసేది కూడా అచ్చంగా ఇదే. ఫోను తీసి టైము చూస్తాడు. పన్నెండున్నర. "ఇప్పుడు పట్టినా ఐదు గంటలే" అని లెక్క వేస్తాడు. లెక్క వేసిన కొద్దీ నిద్ర దూరమవుతుంది. రెండు సమస్యల పేర్లు వేరు, లోపల తిరిగే చక్రం ఒకటే.

నిద్రలో జరిగే పని

నిద్ర అంటే ఒళ్ళు పనిచేయడం ఆపేసే సమయం అనుకుంటారు. నిజానికి రాత్రంతా దాదాపు 90 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున నిద్ర లోతు మారుతూ ఉంటుంది. ప్రతి చుట్టులోనూ కలలు ఎక్కువగా వచ్చే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో ఆరోగ్యవంతుడైన మగవాడికి రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు తనంతట తానే అంగస్తంభన జరుగుతుంది. దానికీ కామపు కలలకూ సంబంధం ఉండాల్సిన పని లేదు. స్త్రీలలో కూడా ఆ దశలో జననాంగాలకు రక్తప్రసరణ పెరుగుతుంది. పొద్దున లేచేసరికి మగవాళ్ళలో కనిపించేది ఈ వరుసలో చివరిది.

ఇది వైద్యుడికి చాలా విలువైన ఆనవాలు. భార్య దగ్గర ఇబ్బంది పడుతున్న మనిషికి తెల్లవారుజామున మాత్రం మామూలుగా ఉంటోందంటే, నరాలూ రక్తనాళాలూ చాలావరకు బాగానే ఉన్నాయని అర్థం. ఇబ్బంది ఆదుర్దాలోనో, దంపతుల మధ్య పేరుకున్న కోపతాపాల్లోనో ఉండొచ్చు. పొద్దున కూడా నెలల తరబడి లేకుండా పోతే షుగర్, బీపీ, హార్మోన్లు, గుండె రక్తనాళాలు చూపించుకోవాలి. "పొద్దున లేచేసరికి ఎలా ఉంటోంది?" అన్న ఒక్క ప్రశ్నకు పైసా ఖర్చు లేదు. వేలకు వేలు పెట్టి లేహ్యాలు కొన్న చాలామందిని ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

కోరికకు తోడ్పడే టెస్టోస్టెరాన్ హార్మోను కూడా నిద్రలోనే పెరుగుతూ తెల్లవారేసరికి గరిష్ఠానికి చేరుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో 10 మంది ఆరోగ్యవంతులైన యువకులను వారంపాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిచ్చి చూస్తే, పగటిపూట వాళ్ళ టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. 2011లో వచ్చిన ఫలితమిది. పదిమంది అంటే చిన్న పరిశోధనే, కానీ ఒక్క వారానికే అంత తేడా రావడం ఆలోచించాల్సిన సంగతి. మగవాళ్ళ సంగతే ఎందుకు, మిషిగన్‌లో 171 మంది యువతులు రెండు వారాలు రోజూ రాసిపెట్టిన వివరాలు 2015లో అచ్చయ్యాయి. ఒక గంట ఎక్కువ నిద్రపోయిన మర్నాడు వాళ్ళలో కోరిక ఎక్కువగా ఉంది. భాగస్వామితో కలిసే అవకాశం 14 శాతం పెరిగింది. భార్యకు "ఇష్టం లేదు" అని నిందించే ముందు ఆమె ఎన్ని గంటలు పడుకుంటోందో లెక్క చూడడం న్యాయం.

ఇక మనసు. ఒక రాత్రంతా నిద్ర లేకుండా ఉంచిన యువతీయువకుల మెదళ్ళను 2007లో స్కాన్ చేసి చూశారు. బాధ కలిగించే బొమ్మలు చూపినప్పుడు, భయానికీ కోపానికీ కేంద్రమైన అమిగ్డలా అనే భాగం బాగా నిద్రపోయినవాళ్ళలో కంటే దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో పెట్టే ముందుమెదడు భాగంతో దాని సంబంధం సడలింది. నిద్ర చాలని ఇంట్లో చిన్న మాటకే పెద్ద గొడవ ఎందుకవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నిద్రలేమి ఉన్నవాళ్ళకు తర్వాత కాలంలో డిప్రెషన్ వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే సుమారు రెండింతలని, 21 పరిశోధనలను కలిపి చూసి 2011లో తేల్చారు. ఎదురు దిశ కూడా ఉంది. డిప్రెషన్ వచ్చినవాళ్ళు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, ఆకలి పోతుంది, సంసారం మీద ఆసక్తి పోతుంది. ఆ ఆసక్తి పోవడాన్ని జబ్బు లక్షణంగా కాక ప్రేమ తగ్గడంగా అవతలివాళ్ళు అర్థం చేసుకుంటే, ఇంట్లో ఇంకో దుఃఖం మొదలవుతుంది.

సీమ రాత్రులు

పై సంగతులన్నీ ఏ దేశంలోనైనా ఒకటే. రాయలసీమలో నిద్ర ఎక్కడ చెడుతోందో చూస్తే మాత్రం ఇక్కడి నేల, ఇక్కడి బతుకు కనబడతాయి.

మొదటిది వేడి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొద్దిగా, ఒక డిగ్రీ లోపు, తగ్గాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు. బండల మిద్దెలూ కాంక్రీటు శ్లాబులూ పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా లోపలికి వదులుతుంటాయి. చాలా ఇళ్ళలో పైకప్పు చల్లారేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అందుకే వేసవిలో ఇంటిల్లిపాదీ మిద్దె మీదికి చేరతారు. చల్లగాలి దొరుకుతుంది కానీ ఏకాంతం పోతుంది. అత్తమామలు, పిల్లలు, పక్కింటి మిద్దె మీద పక్కింటివాళ్ళు అందరూ వరుసగా పడుకున్నచోట కొత్త దంపతులు కూడా మాట్లాడుకోలేరు. రెండు గదుల ఇంట్లో మిగతా కాలాల్లోనూ పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండదు. ఎవరైనా లేస్తారేమో అన్న భయంతో, చెవులు తలుపు దగ్గర పెట్టి గబగబా ముగించుకోవడం అలవాటైన మగవాడికి శీఘ్ర స్ఖలనం వస్తే దాన్ని నరాల మీదికి నెట్టడం అన్యాయం. ఆ తొందర ఇల్లు నేర్పిన తొందర.

రెండోది కరెంటు, నీళ్ళు. వ్యవసాయానికి కరెంటు చాలా ఏళ్ళపాటు విడతలవారీగా, ఎక్కువగా రాత్రి వేళల్లో వచ్చేది. మోటారు వేయడానికి అర్ధరాత్రి లేచి, టార్చిలైటు పట్టుకుని, పాముల మధ్య చేనికి వెళ్ళిన తరం ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉంది. ఇప్పటికీ ఆ వేళకు మెలకువ వస్తుందని చెప్పే రైతులు ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్ళకు మోటారు బదులు కుళాయి. నీళ్ళు ఏ వేళకు వదిలితే ఆ వేళకు లేవాలి. అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనుక పడుకునే మనిషికి రాత్రి మిగిలేది ఐదు గంటలు. పెద్దవాళ్ళకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిపుణుల మాట. ఆ తేడా నెలలు, ఏళ్ళు పేరుకుంటే అది తలనొప్పిగా, విసుగుగా, "దగ్గరికి రావద్దు" అన్న మాటగా బయటికి వస్తుంది.

మూడోది షిఫ్టు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, గుంతకల్లు రైల్వే డివిజన్‌లో లోకో పైలట్లు. వీళ్ళలో చాలామందికి వారం వారం నిద్ర వేళ మారుతుంది. మెదడులోని గడియారం వెలుగు చీకట్లను బట్టి సుమారు 24 గంటలకు ఒకసారి తిరుగుతుంది. ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఎండలో ఇల్లు చేరి పడుకుందామంటే ఆ గడియారం ఒప్పుకోదు. షిఫ్టుల వల్ల నిద్ర చెడినవాళ్ళలో దిగులూ, లైంగిక ఇబ్బందులూ ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అతను వచ్చేసరికి ఆమె పనిలో ఉంటుంది, ఆమె పడుకునే వేళకు అతను బయల్దేరతాడు. ఒకే ఇంట్లో ఉంటూ వారాల తరబడి కలవని దంపతులు ఈ ఊళ్ళలో ఉన్నారు.

నాలుగోది వలస. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వెళ్ళినవాళ్ళు లెక్కలేనంత మంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగించుకుని, వండుకుని, తిని రాత్రి పదింటికి ఫోను చేస్తే ఇక్కడ పన్నెండున్నర. భార్య ఆ ఫోను కోసం మేలుకుని ఉంటుంది. మాట్లాడి పెట్టేశాక ఇంకో గంట నిద్ర రాదు. పొద్దున పిల్లల బడికి ఐదున్నరకే లేవాలి. రెండేళ్ళకో మూడేళ్ళకో అతను రెండు నెలల సెలవు మీద వస్తాడు. అన్ని రోజుల ఎదురుచూపూ ఆ మొదటి వారం మీద పడుతుంది. ఇద్దరికీ అది పరీక్షలా తయారవుతుంది. అప్పుడు ఏదైనా ఇబ్బంది వస్తే అతనికి "అక్కడ ఏదో చెడింది" అని భయం, ఆమెకు "నా మీద మనసు లేదు" అని అనుమానం. దూరం వల్ల వచ్చిన బెరుకును జబ్బుగానో ద్రోహంగానో లెక్క వేసుకోవడం వల్ల చెడిన కాపురాల గురించి ఆ ఊళ్ళలో పెద్దలు చెబుతూనే ఉంటారు. కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వెళ్ళే కుటుంబాలది మరో రకం కష్టం. మొగుడూ పెళ్ళాలు కలిసే వెళ్తారు, కానీ పడుకునేది పదిమందితో కలిసి ఒకే గుడారంలో.

నలభై చుక్కల లెక్క

నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమవుతుందని సీమ పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ధాతువుల గురించి పాతకాలం నుంచి వస్తున్న నమ్మకం ఇలా చుక్కల లెక్కగా మారింది. ఇది నిజం కాదు. వీర్యం రక్తం నుంచి వడగట్టింది కాదు. అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ద్రవమే. వీర్యకణాలు కొద్ది శాతమే ఉంటాయి. యౌవనం నుంచి అవి నిరంతరం తయారవుతూనే ఉంటాయి. స్వప్న స్ఖలనం వల్లా, హస్తప్రయోగం వల్లా రక్తం తగ్గదు, ఎముకలు గుల్లబారవు, జ్ఞాపకశక్తి పోదు.

కానీ నమ్మినవాడికి బాధ మాత్రం నిజంగానే కలుగుతుంది. 1960లో ప్రొఫెసర్ ఎన్.ఎన్. విగ్ అనే భారతీయ మానసిక వైద్యుడు దీనికి "ధాతు సిండ్రోమ్" అని పేరు పెట్టారు. వీర్యం పోతోందన్న భయంతో నీరసం, గుండెదడ, దిగులు, నిద్రలేమి, చివరికి అంగస్తంభన సమస్య కూడా వస్తాయి. హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే కుర్రవాడు రాత్రి స్వప్న స్ఖలనం అవుతుందని భయపడి పడుకోవడం ఆలస్యం చేస్తాడు. నిద్ర చాలక పగలు చదివింది తలకెక్కదు. అది చూసి, వీర్యం పోవడం వల్లే బుర్ర పనిచేయడం లేదని నిర్ధారించుకుంటాడు. అతని నమ్మకానికి అతని నిద్రలేమే సాక్ష్యమవుతుంది. ఇంత చిన్న వయసులో ఇంత పెద్ద భయాన్ని ఒంటరిగా మోస్తున్న పిల్లలకు సైన్సు టీచరు ఒక్క పీరియడ్ కేటాయించి చెబితే ఎంత మేలు!

ఈ భయాన్ని అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. ప్రహరీ గోడల మీద పెయింటు రాతలు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు అందుబాటులో ఉంటారన్న కరపత్రాలు, ఇప్పుడైతే ఫోనులో వీడియోలు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. డెబ్బయ్యేళ్ళు దాటినా గోడల మీది రాతలు పోలేదు. "మూలికా మందు" అని అమ్మే కొన్ని పొడుల్లో, మాత్రల్లో అంగస్తంభనకు డాక్టర్లు రాసే సిల్డెనాఫిల్ అనే మందు కలిపి ఉన్నట్టు వివిధ దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పదేపదే పట్టుకున్నాయి.

ఆడవాళ్ళ తెల్లబట్ట సంగతికి కూడా ఇలాంటి లోతే ఉంది. దురద, దుర్వాసన, రంగు మార్పు ఉంటే ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స తీసుకోవాల్సిందే. అయితే గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం వేలమంది స్త్రీలను పరిశీలించినప్పుడు, ఈ ఫిర్యాదుకు ఇన్‌ఫెక్షన్‌ కంటే దిగులు, ఇంట్లో హింస వంటి కారణాలతో ఎక్కువ సంబంధం కనిపించింది. నోరు విప్పి చెప్పలేని బాధ చెప్పదగిన జబ్బు పేరుతో బయటికి వస్తోందన్నమాట. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి కూడా ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. "మగతనం పోతుంది" అన్న భయమే అందుకు పెద్ద కారణం. వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే దారిని మాత్రమే మూస్తారు. హార్మోన్లు, కోరిక, స్తంభన అన్నీ అలాగే ఉంటాయి.

బిళ్ళలతో దాటవేయడం

నిద్ర పట్టకపోతే అల్ప్రజోలం, అంగం నిలబడకపోతే సిల్డెనాఫిల్, టెన్షన్ తగ్గడానికి క్వార్టర్ మందు. మూడు సమస్యలకు మూడు దొంగదారులు. ఒక్కోటి మిగతా రెండింటినీ చెడగొడుతుంది.

మందు తాగితే త్వరగా కునుకు పడుతుంది, కానీ రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. కలల దశ తగ్గుతుంది. అంగస్తంభన దెబ్బతింటుంది. అల్ప్రజోలం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. కొద్ది వారాల్లోనే అలవాటు పడుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే నిద్ర పూర్తిగా పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. మానాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సిల్డెనాఫిల్ 1998 నుంచి వాడుకలో ఉన్న మంచి మందే, అవసరమైనవాళ్ళకు. కానీ గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు దాన్ని వేసుకుంటే బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. సిగ్గుపడి కౌంటర్లో గుసగుసగా కొనుక్కునే మనిషిని "గుండెకు ఏమైనా మాత్రలు వాడుతున్నావా అన్నా?" అని అడిగేవాళ్ళు ఉండరు. ఇక్కడ సిగ్గు ప్రాణం మీదికి తెస్తోంది.

డాక్టర్ల వైపు కూడా ఒక లోపం ఉంది. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఎక్కువగా రాసే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు కొందరిలో కోరిక తగ్గిస్తాయి, స్ఖలనం లేదా భావప్రాప్తి ఆలస్యం చేస్తాయి. (ఆలస్యం చేసే ఆ గుణాన్నే శీఘ్ర స్ఖలనానికి చికిత్సగా వాడతారు.) ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగి ఎవరికీ చెప్పకుండా మందు మానేస్తాడు. డిప్రెషన్ తిరగబెడుతుంది. మోతాదు మార్చొచ్చు, అలాంటి ఇబ్బంది తక్కువగా ఉండే వేరే మందు ఇవ్వొచ్చు. అందుకు రోగి నోరు విప్పాలి, డాక్టరు ఒక నిమిషం కేటాయించాలి. ఓపీలో అంత రద్దీ ఉన్నా ఆ నిమిషం వృథా కాదు.

గురక గురించి రెండు మాటలు. "గురక పెట్టి మరీ నిద్రపోతున్నాడు" అని గాఢనిద్రకు గుర్తుగా చెప్పుకుంటాం. గట్టిగా గురక పెడుతూ, మధ్యమధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ మొదలయ్యేది గాఢనిద్ర కాదు. అది స్లీప్ ఆప్నియా. రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ ఉంటుంది, పగలంతా మత్తుగా ఉంటుంది, బీపీ పెరుగుతుంది, అంగస్తంభన సమస్యలూ దిగులూ వీళ్ళలో ఎక్కువ. బరువు తగ్గడం, ఊపిరి అందించే సీప్యాప్ మెషీను దీనికి చికిత్సలు. షుగర్ కూడా ఇంతే: నరాలనూ రక్తనాళాలనూ దెబ్బతీసి స్తంభనను తగ్గిస్తుంది, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేపి నిద్ర పాడుచేస్తుంది. నలభై దాటాక మొదటిసారి ఇలాంటి ఇబ్బంది వచ్చిందంటే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవడం గుండెకూ మంచిది, ఎందుకంటే అంగంలోని సన్నని రక్తనాళాలు గుండె రక్తనాళాలకంటే ముందే పూడుకునే అవకాశం ఉంది. ముట్లుడిగే వయసు స్త్రీలలో రాత్రి ఒంట్లోంచి ఆవిర్లు, యోని పొడిబారి కలయికలో నొప్పి, నిద్రలేమి, చిరాకు కలిసి వస్తాయి. నాలుగింటికీ మూలం హార్మోన్ల మార్పే. పొడిబారడానికి జెల్లీలు, పూత మందులు ఉన్నాయని తెలియక మౌనంగా నొప్పి భరించే అమ్మలు ఎంతమందో.

వద్దంటే వచ్చేవి

నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది మాత్రలు కాదని, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే సీబీటీ-ఐ అనే పద్ధతి అని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం సిఫారసు చేసింది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది సిట్టింగులు పడుతుంది. అందులో ముఖ్యమైన నియమాలు వింటే ఉల్టాగా అనిపిస్తాయి. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి. నిద్ర ముంచుకొస్తే తప్ప మంచమెక్కకూడదు. దాదాపు ఇరవై నిమిషాలు గడిచినా పట్టకపోతే లేచి ఇంకోచోట మసక వెలుతురులో కూర్చోవాలి. మంచం మీద ఫోను, లెక్కలు, గొడవలు ఉండకూడదు. నిద్రకూ సంసారానికీ తప్ప మంచాన్ని దేనికీ వాడకూడదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లోనే చెప్పారు. అంతకు ముందే వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ నిద్ర పట్టనివాళ్ళకు ఇంకా విచిత్రమైన సలహా ఇచ్చేవారు: నిద్రపోవద్దు, కళ్ళు తెరిచి మేలుకుని ఉండడానికి ప్రయత్నించు. ప్రయత్నం అటు మళ్ళగానే కాపలా తప్పుకుంటుంది, నిద్ర వస్తుంది.

లైంగిక చికిత్సలో మాస్టర్స్, జాన్సన్ ఇచ్చిన పద్ధతి కూడా ఇలాంటిదే. కొన్ని వారాలు దంపతులు కలయిక జోలికి పోకూడదు. ఒకరినొకరు తాకవచ్చు, మాట్లాడుకోవచ్చు, అంతే. స్తంభన వచ్చిందా లేదా అన్న లెక్కే అక్కర్లేదు. పరీక్ష రద్దయింది కాబట్టి భయం పోతుంది. భయం పోతే రావాల్సింది దానంతట వస్తుంది. మిద్దె మీద పదిమంది మధ్య పడుకునే ఇంట్లో ఇది ఎలా కుదురుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. కొత్త జంటకు వారంలో రెండు సాయంత్రాలు ఒక గది వదిలి, పిల్లలను తీసుకుని గుడికో, తేరుబజారుకో వెళ్ళే అత్తమామలు ఆ ఇంటికి సగం వైద్యం చేసినట్టే.

మానసిక వైద్యాన్ని పెద్ద ఆస్పత్రుల నుంచి పల్లె దాకా తీసుకుపోవచ్చని దేశానికి చూపించింది సీమకు పక్కనే ఉన్న బళ్ళారి. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో మనతో కలిసి ఉన్న జిల్లా అది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 1980లలో అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి నడిపిన నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కర్నూలు, అనంతపురం సర్వజన ఆస్పత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అంత దూరం రాలేనివాళ్ళకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నవాళ్ళు తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే చేయాలి.

ఓపీ గదిలో బల్ల చుట్టూ ఇంకో నలుగురు రోగులు, వాళ్ళ బంధువులు నిలబడి ఉంటారు. అక్కడ సంసారం గురించి నోరు పెగలదు. ఒక చిన్న చీటీ మీద ముందే రాసుకుని వెళ్ళొచ్చు: రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది, ఎన్ని నెలల నుంచి దిగులుగా ఉంది, భార్యాభర్తల మధ్య ఇబ్బంది ఏమిటి, పొద్దున ఎలా ఉంటోంది, ఏ మాత్రలు వాడుతున్నారు, మందు తాగుతారా. ఆ చీటీ డాక్టరు చేతికిచ్చి, "దీని గురించి ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి సార్" అనొచ్చు. మానసిక చికిత్సకు వచ్చినవాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పక్కవాళ్ళను బయట నిలబడమని అడగడానికి రోగి మొహమాటపడనక్కర్లేదు.